‘ఒకే కంటికి రెండు జబ్బులా అక్కా?’

గజపతి జిల్లా కాశీనగరం దగ్గరి ఒక పల్లె నుంచి ఒక చెల్లి ఎనిమిది పేజీల ఉత్తరం రాసింది. పేరు రాయొద్దని మరీ మరీ అడిగింది, రాయడం లేదు. వయసు 36, ఇంట్లోనే మిషను పెట్టుకుని బ్లౌజులు కుడుతుంది, భర్త ఆటో నడుపుతాడు, ఒక్కతే కూతురు, తొమ్మిదో తరగతి. ఉత్తరంలోని సంగతి కుదించి చెబుతాను.

ఆరేళ్ల కిందట మొదలైంది. పొద్దున్న బాగానే ఉండేది, దీపాలు పెట్టే వేళకి ఎడమ రెప్ప వాలిపోయేది, సూది రెండుగా కనపడేది, ఒక కన్ను మూసుకుని దారం ఎక్కించుకునేది. ఇంట్లోవాళ్లు నిద్ర చాలక అనుకున్నారు. విశాఖపట్నంలో చూపిస్తే రక్తపరీక్ష చేసి మయస్థీనియా గ్రేవిస్, అంటే కండరాలు తొందరగా అలిసిపోయే జబ్బు అన్నారు, ఛాతీ స్కాన్ తీశారు, మరుసటి ఏడు ఛాతీలో ఉండే థైమస్ గ్రంథి తీసేశారు. గడ్డ ఏమీ లేదన్నారు. పైరిడోస్టిగ్మిన్ మాత్రలు రోజుకి మూడు వేసుకుంటూ నాలుగేళ్లు హాయిగా పని చేసుకుంది.

పోయిన కార్తీకంలో, పెళ్లిళ్ల బ్లౌజులు నెత్తి మీద ఉండగా, కుడికన్ను పక్కకి తిప్పితే లోపల నొప్పి మొదలైంది. ఎర్ర పట్టు బ్లౌజుకి దారం కలపబోతే కుడికంటికి ఆ ఎరుపు ఇటుకరంగులా కనిపించిందట. నాలుగు రోజుల్లో ఆ కంటితో ఎదుటి మనిషి ముఖం పోల్చుకోలేని స్థితి. మందుల షాపాయన ‘పాత జబ్బే ముదిరింది’ అని మూడు మాత్రలు ఆరు చేశాడు. విరేచనాలు, కడుపులో మెలి, నోట్లో ఊట తప్ప చూపు రాలేదు. అలా పదకొండు రోజులు పోయాక బరంపురం వెళ్తే ఎంఆర్ఐ తీసి, రక్తం పంపించి, ఇది న్యూరోమైలైటిస్ ఆప్టికా, పొట్టిగా ఎన్‌ఎంఓ, కంటి నరం వాచే జబ్బు అన్నారు. ఆక్వాపోరిన్-4 యాంటీబాడీ, అంటే సొంత ఒంటి మీదే దాడి చేసే ఒక పదార్థం, రక్తంలో ఉందని తేలింది. 5 రోజులు సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించాక చూపు సగం వచ్చింది, రంగులు ఇంకా వెలిసినట్టే ఉన్నాయి. ఇప్పుడు స్టెరాయిడ్ మాత్రలు వాడుతోంది. ఇక మీద అజాథియోప్రిన్ మాత్రలు గానీ రిటుక్సిమాబ్ ఇంజక్షన్ గానీ ఏళ్ల తరబడి వాడాలన్నారు.

ఇంట్లో గొడవ ఇక్కడే. ‘ఒకే కంటికి రెండు జబ్బులేంటి, ఇదంతా డబ్బు లాగడానికి’ అంటాడు భర్త. ఆ ఆపరేషన్ వల్లే ఇదంతా వచ్చిందంటుంది అత్తగారు, పైగా ఇంకో కాన్పు కావాలి, మగపిల్లాడు కావాలి. పక్కింటావిడ ఆకు పసరు పోయమంటోంది. విశాఖ డాక్టరుగారికి కోపం వస్తుందేమోనని బరంపురం కాగితాలు ఆయనకి చూపించలేదు. ఆఖరి పేజీలో ఇలా రాసింది: ‘అక్కా, ఎవరి మాట వినాలో తెలీడం లేదు. మందులన్నీ ఆపేసి చూద్దామంటున్నారు. కుట్టు మానేయమంటున్నారు. నా కూతురికి కూడా వస్తుందా?’

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తాను. నేను డాక్టర్ని కాను. కంటి ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లు, లోపల డాక్టరు చెప్పింది బయట బెంచీ మీద కూర్చోబెట్టి తెలుగులో, ఒడియాలో విడమరిచి చెప్పడమే నా ఉద్యోగం. నీకూ అదే చేస్తాను. ఏ మందు ఎంత వేసుకోవాలో మాత్రం నేను చెప్పను, అది నీ డాక్టరే చెప్పాలి.

ముందు మీ ఆయన ప్రశ్న తీసుకుందాం, ఎందుకంటే అది తప్పు ప్రశ్న కాదు, చాలామంది చదువుకున్నవాళ్లు కూడా అదే అడుగుతారు. అవును, ఒకే మనిషికి ఈ రెండూ రావచ్చు. అరుదే, కానీ వైద్యులకి బాగా తెలిసిన జంటే ఇది. ఎక్కువగా ఆడవాళ్లలో, ముందు మయస్థీనియా వచ్చి, కొన్నేళ్ల తర్వాత ఎన్‌ఎంఓ బయటపడుతుంది, అచ్చం నీకు జరిగినట్టే. థైమస్ తీయించుకున్నవాళ్లలో చూశారు, అసలు ఆపరేషన్ జోలికే పోనివాళ్లలోనూ చూశారు. కాబట్టి ఆ ఆపరేషన్ చేయించుకుని తప్పు చేశానని నిన్ను నువ్వు తిట్టుకోవద్దు, అత్తగారిని అననివ్వవద్దు. ఆ ఆపరేషన్ తర్వాత నాలుగేళ్లు మిషను తొక్కావు, అది మర్చిపోకు.

ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత ఒంటి మీదే పడితే వచ్చే జబ్బులివి. ఒకసారి అలా దారి తప్పిన ఒంట్లో ఇంకో చోట కూడా తప్పే అవకాశం మామూలు వాళ్లకంటే ఎక్కువ. అందుకే థైరాయిడ్ పరీక్ష ఈ మధ్య చేయించుకోకపోతే ఈసారి రక్తం ఇచ్చేటప్పుడు అది కూడా అడుగు. థైరాయిడ్ కూడా కళ్లని పట్టి పీడించగలదు, మయస్థీనియా ఉన్నవాళ్లలో అది తరచుగా కనిపిస్తుంది.

రెండూ కంటి దగ్గరే కనిపించినా రెండూ కొట్టే చోటు వేరు. నీ మిషనే అనుకో. పెడల్ బాగుంది, పైన చక్రం బాగుంది, మధ్యలో బెల్టు జారుతోంది. కాసేపు తొక్కితే జారుతుంది, ఆపి ఊపిరి తీసుకుంటే మళ్లీ పట్టుకుంటుంది. మయస్థీనియా అలాంటిది. నరం పంపిన సందేశాన్ని కండరం అందుకునే చోట యాంటీబాడీలు అడ్డం పడతాయి. అందుకే పొద్దున్న బాగుండి సాయంత్రానికి రెప్ప వాలుతుంది, నొప్పి ఉండదు, కంటి చూపు అసలు పోదు, రెండు కళ్లూ ఒక దిక్కుకి కలిసి తిరగక రెండుగా కనపడుతుంది. నీ పైరిడోస్టిగ్మిన్ ఆ అడ్డాన్ని కాసేపు దాటించే మాత్ర, వేసుకున్న అరగంట ముప్పావుగంటకి పనిచేసి మూడు నాలుగు గంటలు ఉంటుంది. ఎన్‌ఎంఓలో బెల్టు సంగతే కాదు, గోడలోంచి బల్బుకి వెళ్లే తీగే కాలుతోంది. కంటి నుంచి మెదడుకి పోయే నరం చుట్టూ దాన్ని పోషించే కణాలుంటాయి, వాటి మీద ఆక్వాపోరిన్-4 అనే నీటి తలుపుల్లాంటివి ఉంటాయి, యాంటీబాడీలు వాటి మీద పడితే నరం వాచిపోతుంది, దెబ్బతింటుంది. తీగ కాలుతుంటే బెల్టు బిగించి ఏం లాభం? షాపాయన మాత్రలు రెట్టింపు చేస్తే చూపు రాకపోవడానికి, కడుపు చెడిపోవడానికి కారణం అదే. అసలు ఆ మాత్ర మరీ ఎక్కువైతే కండరాలు ఇంకా నీరసించిపోతాయి కూడా. పోయిన పదకొండు రోజులు మాత్రం నా గుండెలో ముల్లులా గుచ్చుకుంటున్నాయి, ఎందుకంటే ఈ జబ్బులో స్టెరాయిడ్ ఎంత త్వరగా పడితే చూపు అంత మిగులుతుంది. అది నీ తప్పు కాదు. పాత జబ్బు ఉన్న మనిషికి ఏ కొత్త బాధ వచ్చినా దాన్ని పాత ఖాతాలో రాసేయడం అందరూ చేసే పొరపాటు, పెద్ద పెద్ద ఆసుపత్రుల్లో కూడా చూశాను.

ఇక మీద ఆ పొరపాటు జరగకుండా చూసుకోవడమే నీ చేతిలో ఉన్న అసలు పని, మిగతావన్నీ దాని తర్వాతే. దానికి పెద్ద చదువు అక్కర్లేదు, నీ డబ్బాలో ఉన్న ఎర్ర దారం రీలు చాలు. రోజూ పొద్దున్నే, ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో, ముందు కుడికన్ను అరచేత్తో కప్పి ఎడమకంటితో ఆ రీలు చూడు, తర్వాత ఎడమకన్ను కప్పి కుడికంటితో చూడు. తర్వాత గోడ మీద క్యాలెండరులో ఎంత చిన్న అంకె వరకు చదవగలవో అలాగే ఒక్కో కంటితో చూడు. కుడికంటికి ఇప్పుడు ఎరుపు ఎలా కనపడుతోందో అదే నీ లెక్క, ఉదాహరణకి ‘గులాబీ కలిసిన ఇటుక, క్యాలెండరులో పెద్ద అంకెలు మాత్రమే’ అని నోటుబుక్కులో రాసుకో, తేదీ వేసి. ఏ రోజైనా అదే ఎరుపు ఇంకా వెలిస్తే, లేక బాగున్న ఎడమకంటికి ఎరుపు తగ్గితే, కన్ను తిప్పితే నొప్పి వస్తే, అది నరం సంగతి. ఆ రోజే బయల్దేరాలి, మర్నాడు కాదు. అలా కాకుండా రెండు కళ్లూ తెరిస్తే రెండుగా కనపడి, ఏ కన్ను మూసినా ఒక్కటిగా శుభ్రంగా కనపడితే అది చాలావరకు మయస్థీనియా పని, దానికి రాత్రికి రాత్రి పరిగెత్తక్కర్లేదు, డాక్టరుకి ఫోను చెయ్యి. ఈ పరీక్ష ఎటు వెళ్లాలో చెబుతుంది అంతే, టార్చి వేసి కంటిపాప ఎలా ముడుచుకుంటుందో చూసే డాక్టరు పరీక్షకి బదులు కాదు. మయస్థీనియా కంటిపాపని ముట్టుకోదు, నరం వాపు ముట్టుకుంటుంది, అందుకే వాళ్లు ముందు టార్చి తీస్తారు.

ఒక సంగతి, ఎండలో తిరిగి వచ్చినా, పొయ్యి దగ్గర చాలాసేపు ఉన్నా, వేడినీళ్లు పోసుకున్నా, జ్వరం వచ్చినా కుడికన్ను కాసేపు మసకేయవచ్చు, చల్లబడితే పోతుంది. దానికి టెన్షన్ పడకు. ఒక రోజు దాటి నిలిచిపోతే మాత్రం కొత్త దెబ్బ కిందే లెక్క.

ఎన్‌ఎంఓ కంటితో ఆగదు, వెన్నుపాముని కూడా పట్టవచ్చు. కాళ్లు తిమ్మిరెక్కి బరువైపోవడం, నడుం చుట్టూ పటకా బిగించినట్టు ఉండటం, ఒంటికి (మూత్రం) రావడం లేదనిపించడం, ఇవన్నీ ఆ జబ్బు గుర్తులే. ఇంకోటి ఎవరూ నమ్మరు, ఆగని ఎక్కిళ్లు. మన దగ్గర ఎక్కిళ్లు వస్తే ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుతాం, మంచినీళ్లు ఇస్తాం. రెండు రోజులైనా ఆగకపోతే, దానితో వాంతులు కూడా ఉంటే, గ్యాస్ మందు తాగుతూ కూర్చోవద్దు, ‘నాకు ఎన్‌ఎంఓ ఉంది’ అని నోరు తెరిచి చెప్పు. మయస్థీనియా వైపు నుంచి భయపడాల్సింది మింగలేకపోవడం, మాట ముక్కుతో రావడం, మెడ నిలబడకపోవడం, పడుకుంటే ఊపిరి ఆడకపోవడం. అప్పుడు కంటి డాక్టరు కాదు, వెంటిలేటరు ఉన్న ఆసుపత్రి కావాలి, అది బరంపురం పెద్దాసుపత్రి అయినా, శ్రీకాకుళం అయినా.

ఇప్పుడు మందుల సంగతి. నీ ముందు మూడు దారులున్నాయి అనుకుందాం, ఇంట్లోవాళ్లు చెప్పే ‘ఆపేసి చూద్దాం’ కూడా ఒక దారే కాబట్టి దాని గురించి ముందు చెబుతాను. మయస్థీనియా పెరుగుతుంది, తగ్గుతుంది, తగ్గినప్పుడు రెప్ప మళ్లీ లేస్తుంది. ఎన్‌ఎంఓ అలా కాదు. అది దెబ్బలు దెబ్బలుగా వస్తుంది, ప్రతి దెబ్బ ఎంతో కొంత తీసుకుపోతుంది, తీసుకుపోయింది పూర్తిగా తిరిగివ్వకపోవచ్చు. రెండు దెబ్బల మధ్య మనిషి మామూలుగా ఉంటాడు, అందుకే ‘బాగానే ఉన్నావు కదా, మందులెందుకు’ అనిపిస్తుంది. తర్వాతి దెబ్బ ఎడమకంటికి తగిలితే? ఆ మాట మీ ఆయన్ని కూర్చోబెట్టి అడుగు, కోపంగా కాదు, నిజంగా సమాధానం కావాలని అడుగు. పైగా ఇప్పుడు వేసుకుంటున్న స్టెరాయిడ్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే జబ్బు తిరగబెట్టడం ఒక ఎత్తు, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ అప్పటికి నిద్రపోయి ఉంటుంది కాబట్టి బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావడం ఇంకో ఎత్తు. ముఖం ఉబ్బిందని ఇరుగుపొరుగు అంటున్నారని రాశావు. మోతాదు తగ్గేకొద్దీ అది తగ్గుతుంది. డాక్టరు మెల్లగా దించుతారు, నువ్వు దించకు.

అజాథియోప్రిన్ రెండో దారి. పాత మందు, చవక, రెండు జబ్బులకీ వాడతారు, అది నీకు పెద్ద లాభం. కానీ నింపాదిగా పనిచేస్తుంది, నెలలు పడుతుంది, ఆ నెలలన్నీ స్టెరాయిడ్ ఊతం ఉండాలి. మొదట్లో తరచుగా రక్తపరీక్షలు, తెల్లకణాలకి, కాలేయానికి. కొంతమందికి తెల్లకణాలు బాగా పడిపోతాయి కాబట్టి ఆ పరీక్షలు మొక్కుబడి కాదు, ఒక్కటి కూడా మానొద్దు. ఇంట్లో ఎవరికైనా యూరిక్ యాసిడ్ కీళ్లనొప్పికి (గౌట్) ఇచ్చే అల్లోప్యూరినాల్ మాత్ర పొరపాటున కూడా దీనితో కలిపి వేసుకోకు. కాశీనగరం నుంచి నెలనెలా రక్తం ఇవ్వడానికి వెళ్లగలవా అన్నది నీకు నువ్వే నిజాయితీగా వేసుకోవాల్సిన ప్రశ్న, ఎందుకంటే వెళ్లలేకపోతే ఈ మందు చవక చవక కాదు.

మూడోది రిటుక్సిమాబ్. రోగనిరోధక కణాల్లో యాంటీబాడీలకి మూలమైన ఒక రకాన్నే తుడిచిపెట్టేస్తుంది, ఆసుపత్రిలో పడుకోబెట్టి సెలైన్‌లో ఎక్కిస్తారు, తర్వాత దాదాపు ఆరు నెలలకోసారి. ఎన్‌ఎంఓ దెబ్బలు బాగా తగ్గిస్తుంది, మయస్థీనియాకీ వాడతారు. ఖరీదు ఎక్కువ, కానీ హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ వాళ్లు 2007లోనే మన దేశంలో దీనిలాంటిదే ఇంకో మందు (బయోసిమిలర్) తెచ్చారు, ఆ తర్వాత ఇంకొన్ని వచ్చాయి, అసలు మందంత ధర ఇప్పుడు లేదు. ఎక్కించే ముందు హెపటైటిస్ బి పరీక్ష తప్పనిసరి, లోపల దాగి ఉంటే ఈ మందుతో విజృంభిస్తుంది. టీబీ కూడా చూస్తారు. టీకాలు వేయించుకోవాలంటే మందు మొదలుపెట్టే ముందే అడగాలి. ఎక్కించేటప్పుడు చలి, దురద రావచ్చు, అందుకే మెల్లగా ఎక్కిస్తారు. రోజూ గుర్తుపెట్టుకునే మాత్ర లేదు, ఏడాదికి రెండు ప్రయాణాలు, మధ్యలో ఇన్‌ఫెక్షన్ వస్తుందేమోనన్న జాగ్రత్త. ఇంట్లో రోజూ మందు గురించి గొడవ జరిగే నీలాంటి పరిస్థితిలో అది చిన్న సంగతి కాదు. నా మనసు కొంచెం ఇటే మొగ్గుతోంది, కానీ డబ్బు, ఆరోగ్య కార్డు, కాన్పు సంగతి చూసుకుని నువ్వూ డాక్టరూ తేల్చుకోండి.

ఒకటి మాత్రం గట్టిగా చెబుతున్నా. ఎన్‌ఎంఓని 2004లో ఆ యాంటీబాడీ బయటపడేదాకా చాలాచోట్ల మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే ఇంకో నరాల జబ్బులో ఒక రకంగా లెక్కేసేవారు, ఇప్పటికీ ఎవరైనా ఎంఆర్ఐ మాత్రమే చూసి ఆ పేరు పెట్టవచ్చు. దానికి ఇచ్చే ఇంటర్‌ఫెరాన్, ఫింగోలిమోడ్ లాంటి మందులు ఎన్‌ఎంఓని ముదరబెడతాయి. కాబట్టి ఆ యాంటీబాడీ రిపోర్టు కాగితం నీ ఇంటి పట్టా కంటే జాగ్రత్తగా దాచుకో.

ఇప్పుడు రెండు జబ్బులూ ఒకదాని మందు ఇంకోదానికి అడ్డం పడే చోట్లు, నువ్వు ఎక్కువగా భయపడాల్సింది వీటికే, ఇంట్లో ఎవరూ మాట్లాడనిది కూడా ఇదే. ఎన్‌ఎంఓ దెబ్బకి పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఎక్కిస్తే మొదటి వారం పది రోజుల్లో మయస్థీనియా ఒక్కసారి పెరగవచ్చు. అంటే మళ్లీ ఎప్పుడైనా స్టెరాయిడ్ ఎక్కించాల్సి వస్తే అక్కడి డాక్టరుకి మయస్థీనియా సంగతి తెలియాలి, ఊపిరి మీద కన్నేసి ఉంచాలి. స్టెరాయిడ్ ఎక్కువకాలం వాడితే కంట్లో ప్రెజర్ పెరగవచ్చు, దానికి మామూలుగా రాసే టిమోలాల్ చుక్కలు మయస్థీనియాని పెంచుతాయి. చుక్కలే కదా అనుకుంటాం, ఒంట్లోకి వెళ్తాయి. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులతో జ్వరాలు, దగ్గులు వస్తాయి, ఊళ్లో ఆర్ఎంపీ జెంటామైసిన్, అమికాసిన్ ఇంజక్షన్ పొడుస్తాడు, లేదా సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్ చేతిలో పెడతాడు. ఇవన్నీ మయస్థీనియా ఉన్నవాళ్లకి ప్రమాదమే, తప్పనిసరైతే తెలిసిన డాక్టరు పర్యవేక్షణలోనే. ఇక మన కొండవార మలేరియా. క్వినైన్, క్లోరోక్విన్ రెండూ మయస్థీనియాకి పడవు. మన పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేసిన గిడుగు రామమూర్తిగారు సవర భాష కోసం కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి చెవుడు తెచ్చుకున్నారని చిన్నప్పుడు మా నాన్న చెప్పేవారు, ఆ మందు ఎంత ఘాటైనదో అప్పుడే నా మనసులో నాటుకుపోయింది. జ్వరం వస్తే రక్తం చూపించుకోవడం మానకు, మలేరియా అయితే మందు వద్దనకు, ‘నాకు మయస్థీనియా ఉంది, వేరే మందు చూడండి’ అను, ఉన్నాయి.

అందుకే ఒక పని చెయ్యి. పోస్టుకార్డంత అట్టముక్క మీద రెండు జబ్బుల పేర్లు, వాడుతున్న మందులు, పడని మందుల పేర్లు ఒక వైపు ఇంగ్లీషులో, రెండో వైపు ఒడియాలో నీ కూతురి చేత రాయించు. ప్లాస్టిక్ వేయించి ఒకటి నీ సంచిలో, ఒకటి మీ ఆయన ఆటోలో. నువ్వు మాట్లాడలేని రోజున ఆ ముక్కే మాట్లాడుతుంది.

ఇద్దరు డాక్టర్ల సంగతి. విశాఖ డాక్టరుగారికి కోపం వస్తుందని దాచావు. రాదు. వస్తే రానీ, ఆయన కోపం ఒక గంట ఉంటుంది. ఇద్దరికీ అన్నీ తెలియాలి, మందు నిర్ణయం మాత్రం ఒక్కరి చేతిలో ఉండాలి, ఆ ఒక్కరు న్యూరాలజిస్టు అయ్యుండాలి, కంటి డాక్టరు పక్కన ఉండాలి. బరంపురం పెట్టుకుంటే దగ్గర, కార్డు పనిచేస్తుంది, కొత్త రిపోర్టులన్నీ అక్కడే ఉన్నాయి. విశాఖ పెట్టుకుంటే పాత రికార్డు ఉంది, నోరారా తెలుగులో చెప్పుకోవచ్చు, గుణుపురం పాసింజర్ ఎక్కితే నేరుగా వెళ్లిపోతావు, కానీ ఆంధ్రా వైద్యసేవ కార్డు మన ఒడిశా వాళ్లకి రాదు. ఆయుష్మాన్ కార్డయితే జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో రాష్ట్రం దాటినా చెల్లుతుంది, ఏడాదికి కుటుంబానికి 5 లక్షలు, ఒడిశా గోపబంధు పథకంలో ఆడవాళ్లకి అదనంగా ఉంది. ఆ డబ్బు ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికే, ఇంటి దగ్గర మింగే మాత్రలకి కాదు, కాబట్టి రిటుక్సిమాబ్ ఎక్కించడం దాని కింద వస్తుందా అని వెళ్లే ముందే ఆయుష్మాన్ కౌంటరులో అడుగు. అజాథియోప్రిన్ అయితే ప్రభుత్వాసుపత్రిలో ఒడిశా ఉచిత మందుల పథకం ‘నిరామయ’ కౌంటరులో ఉచితంగా దొరుకుతుందేమో చూడు, లేదంటే జన ఔషధి షాపు. కంటి వరకు పరీక్ష చేయించుకోవడానికి ఎల్వీ ప్రసాద్ వాళ్ల కేంద్రాలు విశాఖలో, భువనేశ్వర్‌లో ఉన్నాయి.

కుట్టు మానేయొద్దు. ఆ మాట రాసేటప్పుడు నీ అక్షరాలు వంకరపోయాయి, చూశాను. కుట్టు వల్ల నరం వాచదు. మాత్ర వేసుకున్న ముప్పావుగంట తర్వాత, పొద్దుటి వెలుతురులో, కత్తిరింపు, చంకలు, మెడ కుట్లు పెట్టుకో. హెమ్మింగ్, హుక్కులు, ఫాల్స్ లాంటి చేతిపని పక్కనున్న ఎవరైనా అమ్మాయికి ఇచ్చి కుట్టుకూలి పంచుకో. సాయంత్రం మిషను మూసెయ్. దారం ఎక్కించడానికి పది రూపాయల ఎక్కించే తీగ దొరుకుతుంది. రంగులు కలిపేటప్పుడు కూతుర్ని పిలు, లేదా ఎడమకంటితో చూసి కలుపు. ఒక కన్ను సరిగా ఆనకపోతే లోతు అంచనా తప్పుతుంది కాబట్టి ఇస్త్రీపెట్టె, నూనె మూకుడు దగ్గర కొన్నాళ్లు చెయ్యి చూసుకుని కదుపు. పెళ్లిళ్ల సీజనులో రాత్రి పన్నెండు దాకా కూర్చునే రోజులు మాత్రం అయిపోయాయి, బాధగానే చెబుతున్నా.

ఆకు పసరు కంట్లో పోయనివ్వకు. చలవకి నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటానంటే పెట్టుకో, ఒక్క చుక్క కూడా లోపలికి వెళ్లకూడదు. స్టెరాయిడ్ మీద ఉన్న కంట్లో పుండు పడితే మానడం కష్టం.

కాన్పు సంగతి అత్తగారు నిర్ణయించేది కాదు. నీకు కావాలనుంటే దారి మూసుకుపోలేదు, ఈ జబ్బులతో పిల్లల్ని కన్నవాళ్లున్నారు. కానీ ఎన్‌ఎంఓ దెబ్బ తగిలి ఏడాది కూడా తిరగకుండా, మందు ఇంకా కుదురుకోకుండా అంటే ప్రమాదం. ముఖ్యంగా కాన్పు తర్వాత మొదటి మూడు నెలలు జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ. మైకోఫినోలేట్ అనే ఇంకో మందు ఇవ్వాలనుకుంటే గర్భం మాట ముందే చెప్పాలి, అది బిడ్డకి చెరుపు చేస్తుంది. కాన్పులో గుర్రపువాతం (బీపీ పెరిగి వచ్చే ఫిట్లు) వస్తే పెట్టే మెగ్నీషియం మయస్థీనియాకి పడదు. అంటే ఇంట్లోనో చిన్న ఆసుపత్రిలోనో జరగాల్సిన కాన్పు కాదు. నీకు వద్దనుంటే, వద్దు అనడానికి జబ్బు సాకు కూడా అక్కర్లేదు.

నీ కూతురికి ఇది అంటుకోదు, తల్లికి ఉంటే కూతురికి వచ్చి తీరుతుందన్న జబ్బూ కాదు. రేపు సంబంధాల దగ్గర ఎవరైనా అడిగితే ఇదే చెప్పు. దానికిప్పుడు పరీక్షలు వద్దు.

మీ ఆయన గురించి ఒక్క మాట. తెల్లారి ఆటో తీసి రాత్రి ఇంటికొచ్చే మనిషి, ఇంట్లో మందుల బిల్లు చూసి ‘డబ్బు లాగడానికి’ అంటే అందులో భయమే ఎక్కువ ఉంటుంది. నువ్వు చెబితే గొడవ, అత్తగారు పక్కనుంటే ఇంకా గొడవ. ఈసారి బరంపురం వెళ్లేటప్పుడు ఆయన్నే తీసుకెళ్లు, డాక్టరు గదిలోకి కూడా రమ్మను, ‘ఎడమకంటికి తగిలితే ఏమవుతుంది’ అన్న ప్రశ్న ఆయన్నే అడగనియ్యి. మా ఆసుపత్రి బెంచీ మీద నేను చూసిన మగవాళ్లలో గట్టిగా అరిచినవాళ్లే తర్వాత భార్య మందుల డబ్బా తామే సర్దేవాళ్లు.

వచ్చే వారం రక్తపరీక్షకి వెళ్తున్నానని రాశావు. ఆ రోజుకి అట్టముక్క, నోటుబుక్కు, యాంటీబాడీ రిపోర్టు, విశాఖ పాత కాగితాలు ఒకే సంచిలో ఉండాలి. రేపు పొద్దున్న కిటికీ దగ్గర ఎర్ర రీలుతో మొదటి లెక్క రాసుకో, కుడికంటికి ఎలా కనిపించిందో నాకూ రాయి.